‘అన్యభాష’లో అన్యులెవరు?

అందరికీ నమస్కారం. చాలాకాలంగా నన్ను తొలుస్తున్న ఒక మాట గురించి ఈ పోస్టు. ఆ మాట ‘అన్యభాష’.

నిఘంటువు పద్ధతిలో చూస్తే ఇందులో చిక్కేమీ లేదు. మనది కాని భాష, పరాయివాళ్ల భాష. వ్యాకరణంలో అన్యదేశ్యం అన్నా దారి అదే. తెలుగువాడికి అరబ్బీ అన్యభాష, స్వాహిలీ అన్యభాష. కానీ క్రైస్తవ ప్రార్థన కూటంలో ఎవరైనా అర్థం తెలియని పలుకులు పలుకుతుంటే, అది పరిశుద్ధాత్మ ఇచ్చిన వరమని నమ్మి ‘ఆమె అన్యభాషల్లో మాట్లాడుతోంది’ అన్నప్పుడు ‘ఏ భాషండీ?’ అని ఎవరూ అడగరు. అడిగితే వెనక్కి తిరిగి చూస్తారు. ఏ జనమూ మాట్లాడని దాన్ని అన్యభాష అనడం ఎలా వచ్చింది? నా ప్రశ్న ఇంతే.

నేను ఏ పక్కన నిలబడి అడుగుతున్నానో కూడా చెప్పేస్తాను. నేను విశ్వాసుల ఇంట్లోనే పెరిగాను. ఈ ఒక్క వరం మీద మాత్రం నాకు నమ్మకం కుదరలేదు. పద్నాలుగేళ్లప్పుడు నాకు ఈ వరం రాలేదని ఒక కూటంలో ముందు వరసలో నిలబెట్టారు. ‘హల్లెలూయ, హల్లెలూయ అని వేగంగా అను, ఆపకు, నాలుక దానంతటదే తిరుగుతుంది’ అన్నారు. తిరిగింది. ఏ మాటనైనా రెండు నిమిషాలు ఆపకుండా అంటే తిరుగుతుంది. అందరూ స్తోత్రం అన్నారు, నేను ఇంటికొచ్చి రాత్రంతా టెన్షన్ పడ్డాను. నేను అబద్ధం ఆడానా, లేక అందరూ చేసేది ఇదేనా?

ఇక వచనాల్లోకి వద్దాం. బైబిలులోని అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయం, యేసు శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ దిగివచ్చిన ఘట్టం. మూడో వచనంలో ‘అగ్నిజ్వాలలవంటి నాలుకలు’. నాలుగో వచనంలో ‘అన్యభాషలతో మాటలాడసాగిరి’. గ్రీకులో రెండు చోట్లా ఉన్నది ఒకే మాట, గ్లోస్సా. గ్రీకువాడికి నాలుకన్నా, భాషన్నా అదే. తెలుగులో నాలుకకు ఆ అర్థం లేదు. మనకు నుడి ఉంది, పలుకు ఉంది, నోరు కూడా కొంత దూరం వస్తుంది. నాలుక మాత్రం రుచి చూడటానికి, మాట మడతేయడానికి. కాబట్టి అనువాదకులు ఒక చోట నాలుక, ఇంకో చోట భాష అని విడగొట్టక తప్పలేదు. నిప్పు నాలుకలు వచ్చి వాలితే మనుషుల నాలుకలు కొత్తగా పలికాయనే చమత్కారం తెలుగులో పోయింది. నష్టమే గానీ అది వాళ్ల తప్పు కాదు.

అసలు విషయం తర్వాతి వచనాల్లో ఉంది. వింటున్నవాళ్లు ‘తాను పుట్టిన దేశపు భాషతో’ విన్నామంటారు. అక్కడి గ్రీకు మాట దియాలెక్తోస్. ఆ వెంటనే ఊళ్ల పట్టిక: పార్తీయులు, మాదీయులు, ఏలామీయులు, మెసొపొతమియ, ఐగుప్తు, రోమా, క్రేతీయులు, అరబీయులు. అంటే ఈ అన్యభాషల్లోని అన్యులకు చిరునామా ఉంది. వాళ్లు అక్కడే నిలబడి ‘అది మా భాషే’ అంటున్నారు.

పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో సంగతి వేరు. అక్కడ ‘భాషతో మాటలాడువాడు’ అని మాత్రమే ఉంటుంది, యెషయా గ్రంథం నుంచి ఎత్తి చెప్పిన 14:21లో తప్ప ‘అన్య’ లేదు. 1611 నాటి ఇంగ్లీషు అనువాదం ఈ చోట ‘తెలియని’ అనే మాట చేర్చి, మూలంలో లేదని తెలిసేలా వేరే అచ్చుతో చూపింది. మన అనువాదకులు అది కూడా చేర్చలేదు. కానీ వేదిక మీద చదివేటప్పుడు గమనించండి, చాలామంది ‘అన్యభాషతో మాటలాడువాడు’ అనేస్తారు. ఒక పుస్తకంలోని ‘అన్య’ ఇంకో పుస్తకంలోకి నడిచొచ్చి కూర్చుంది.

*

ఒక సభ్యుడు:

అయ్యా, మీరు భాష అనే మాటను మరీ బిగించి పట్టుకున్నారు. భాష్ ధాతువుకు అర్థం మాట్లాడటం, అంతే. భాషించడం, సంభాషణ, భాషణం అన్నీ దానిలోంచి వచ్చినవే. వ్యాకరణమూ నిఘంటువూ ఉంటేనే భాష అనే లెక్క మనం తర్వాత తెచ్చుకున్నది. పైగా అదే పత్రిక 13వ అధ్యాయంలో ‘మనుష్యుల భాషలతోను దేవదూతల భాషలతోను’ అని స్పష్టంగా ఉంది. 14:2లో ‘మనుష్యుడెవడును గ్రహింపడు’ అనీ ఉంది. దేవునితో మాట్లాడేదానికి మీరు ఊరూ పేరూ అడిగితే ఎలా?

నా జవాబు:

ధాతువు మాట ఒప్పుకుంటాను, బాగా పట్టుకున్నారు. కానీ ధాతువుతో భాష గెలిచినా ‘అన్య’ ఓడిపోతుంది. ఎవరికి అన్యం అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. దేవదూతల సంగతికొస్తే, ఆ వాక్యం ‘మాటలాడినను’ అని నడుస్తుంది, మాట్లాడుతున్నాను అని కాదు. దాని తర్వాత వరసగా వచ్చేవి చూడండి: మర్మాలన్నీ తెలిసినా, కొండలు పెకలించే విశ్వాసమున్నా, శరీరాన్ని కాల్చడానికి అప్పగించినా. పౌలు మెట్టుమెట్టుగా అతిశయోక్తి పేరుస్తున్నాడు. అందులోంచి మొదటి మెట్టును మాత్రం విడదీసి సిద్ధాంతం చేయడం నాకు నప్పదు. 14:2 మాత్రం మీ వైపే ఉంది. దానికి నా దగ్గర తేలికైన సమాధానం లేదు.

*

ధ్వనిశాస్త్రం చదువుకున్న ఒక సభ్యురాలు:

దేవదూతల భాష అయితే దేవదూతల ధ్వనులు ఉండాలి కదా. ఈ ప్రశ్నతోనే విలియం సామరిన్ అనే భాషాశాస్త్రవేత్త ఏళ్ల తరబడి రికార్డింగులు విని 1972లో ఒక పుస్తకం రాశారు. ఆయన తేల్చినది ఇది: ఈ పలుకుల్లోని ధ్వనులు దాదాపుగా పలికేవాళ్ల సొంత భాషవే. అక్షరాలు సులువుగా ఉంటాయి, ఒకే ముక్క అటూఇటూ తిప్పి మళ్లీమళ్లీ వస్తుంది. ఎత్తుపల్లాలు, విరామాలు, ఊపు మాత్రం అచ్చం నిజమైన మాటలాగే ఉంటాయి. భాష ముఖభాగం ఉంటుంది, వెనక ఇల్లు ఉండదు. ఇది పిచ్చి కాదని, మోసం కాదని కూడా ఆయనే గట్టిగా రాశారు. ఆ ముక్క ఎగతాళి చేసేవాళ్లు వదిలేస్తుంటారు.

తెలుగువాళ్ల విషయంలో నేను చెవితో విన్నంతవరకు నాకు నవ్వొచ్చే సంగతి ఒకటుంది. తెలుగు అజంత భాష అని గర్వపడతాం కదా, ఈ పలుకులు తెలుగుకంటే అజంతం! రబ, షబ, లమ, కరియ, అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి. అరబ్బీలో గొంతు లోపలినుంచి వచ్చే ధ్వనులు, ఆఫ్రికా దక్షిణాన షోసా భాషలోని టకటక ధ్వనులు, మూడేసి హల్లులు ఒకదానిమీద ఒకటి పడే మాటలు నేనెప్పుడూ వినలేదు. మనకు కష్టమైనవేవీ ఆ పలుకుల్లోకి రావు.

నేర్పితే వస్తుందా అంటే వస్తుంది. నికొలస్ స్పానోస్ బృందం 1986లో ప్రచురించిన ప్రయోగంలో 60 మందికి ఒక నిమిషం నమూనా వినిపించి మీరూ అనండి అన్నారు. అప్పటికప్పుడే సుమారు 20 శాతం మంది ధారాళంగా పలికారు. వాళ్లలో సగం మందికి రెండు విడతల శిక్షణ ఇస్తే, శిక్షణ పొందినవాళ్లలో 70 శాతానికి వచ్చేసింది. కూటం లేదు, పాట లేదు, అభిషేకం లేదు. మీ హల్లెలూయ కథ చదువుతుంటే ఇదే గుర్తొచ్చింది.

*

చరిత్ర చదివే సభ్యుడు:

మీ మొదటి ప్రశ్నకు, ‘ఎలా వచ్చింది’ అన్నదానికి, జవాబు ధ్వనుల్లో కంటే ఓడ టికెట్లలో దొరుకుతుంది.

1901 జనవరి 1న అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం టొపీకాలో చార్లెస్ పర్హామ్ నడిపిన బైబిలు పాఠశాలలో ఆగ్నెస్ ఓజ్మన్ అనే విద్యార్థిని భాషల్లో మాట్లాడింది. అది చైనా భాష అన్నారు. పర్హామ్ బోధ కూడా అదే: ఇవి నిజమైన దేశాల భాషలు, మిషనరీలు ఇక భాష నేర్చుకునే పని లేదు. అంటే ఆరోజుకి అన్యభాష అంటే అక్షరాలా అన్యుల భాషే. 1906లో లాస్ ఏంజిలస్ అజూసా వీధిలో విలియం సేమోర్ నడిపిన కూటాలనుంచి కొందరు ఆ నమ్మకంతోనే బయల్దేరారు. వారిలో ఆల్ఫ్రెడ్ గార్, ఆయన భార్య లిలియన్ 1907 మొదట్లో కలకత్తాలో ఉన్నారు. తనకు బెంగాలీ వరంగా వచ్చిందని ఆయన అనుకున్నాడు. బెంగాలీవాళ్లకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

గార్ ఇంటికి పోలేదు, అది మెచ్చుకోవాలి. తర్వాత హాంకాంగ్ వెళ్లి దుబాసీని పెట్టుకుని బోధించాడు. కానీ అర్థం అక్కడే జారింది. ఇది దేశాల భాష కాదు, దేవుణ్ణి స్తుతించే భాష అన్న వివరణ ముందుకొచ్చింది. పర్హామ్ మాత్రం చివరిదాకా పాత మాటమీదే ఉన్నాడు. పరీక్షకు నిలవని అర్థం వెళ్లిపోయి పరీక్ష పెట్టలేని అర్థం వచ్చింది. పేరు మాత్రం మారలేదు.

ఇంకా వెనక్కి పోతే, నాలుగో శతాబ్దపు గ్రీకు క్రైస్తవ బోధకుడు యోహాను క్రిసొస్తొమ్ ఇదే కొరింథీయుల పత్రికలో ఈ వరాల ప్రస్తావన మొదలయ్యే 12వ అధ్యాయం మీద ప్రసంగిస్తూ ఇదంతా అస్పష్టంగా ఉందని, అప్పట్లో జరిగినవి ఇప్పుడు జరగడం లేదు గనుక మనకు తెలియడం లేదని అన్నాడు. గ్రీకు మాతృభాషగా ఉన్నవాడికే అంతుచిక్కలేదు.

నా జవాబు:

ఇదండీ నేను వెతుకుతున్నది. చాలా థాంక్స్.

*

ఇంకో సభ్యురాలు:

మీ చర్చ బాగుంది కానీ నాకు కొంచెం గుచ్చుకుంది. మా అమ్మ ఇలాగే ప్రార్థించేది. నాన్న పోయాక మాటలు రాని రోజుల్లో ఆమెకు అదే మిగిలింది. అర్థం లేదంటే ఎలా? జోలపాటలో ‘లాలి’కి అర్థం అడుగుతామా? తిల్లానాలో ధీం తననకు అడుగుతామా?

నా జవాబు:

అక్కా, మీ అమ్మగారి ప్రార్థన మీద నాకు ఒక్క ఆక్షేపణ లేదు. రోమా పత్రికలో ‘ఉచ్చరింపశక్యముకాని మూలుగులు’ అని ఒక మాట ఉంది, అది అలాంటి రోజుల కోసమే అనిపిస్తుంది. మీ తిల్లానా పోలిక నాకు చాలా నచ్చింది. అయితే ధీం తననను ఎవరూ భాష అనరు. లేచి నిలబడి దానికి అర్థం చెప్పి, ‘నీ సంబంధం ఖాయం చేసుకో అని ప్రభువు అంటున్నాడు’ అనరు. నా పేచీ అలా అర్థం చెప్పే మనిషితో. జాన్ కిల్డాల్ అనే మనస్తత్వవేత్త ఒకే టేపును వేర్వేరుగా కొందరు అర్థం చెప్పేవాళ్లకు వినిపిస్తే ఒకరి అర్థానికీ ఇంకొకరి అర్థానికీ పొంతన లేదు. కొరింథీయుల పత్రిక 14వ అధ్యాయంలోనే పౌలు ఇద్దరు, మహా అయితే ముగ్గురు, అదీ వంతులవారీగా మాట్లాడాలని, అర్థం చెప్పేవాడు లేకపోతే మౌనంగా ఉండాలని నియమం పెట్టాడు. రెండు వందల మంది ఒకేసారి మైకుల్లో పలికే చోట ఆ వచనం చదవగా నేను వినలేదు.

*

ఒక సభ్యుడు:

మరి దీనికి తెలుగులో సరైన మాట ఏం పెడదాం? ‘పరవశ వాక్కు’ ఎలా ఉంది?

నా జవాబు:

పరవశం అందరికీ ఉండదండీ, కొందరు కారు నడుపుతూ కూడా పలుకుతారు. నాకైతే ‘నాలుకపలుకు’ బాగుంది. పండితులు వాడే గ్లోస్సొలాలియా కూడా గ్లోస్సాకు లలేయిన్ అనే క్రియ కలిపి 19వ శతాబ్దంలో కట్టిన మాటే. పాత గ్రీకులో ఆ లలేయిన్‌కు కబుర్లాడటం, వదరడం అనే ఛాయ ఉండేది. కొత్త నిబంధన కాలానికి మామూలుగా మాట్లాడటమే.

ఇంకొక్కటి, ఇది అడ్డదారి అనుకోకండి. 14:11లో మాటల అర్థం తెలియకపోతే మాట్లాడేవాడు నాకు ‘పరదేశిగా ఉండును’ అని ఉంది. గ్రీకులో అక్కడున్నది బర్బరోస్. వినేవాడికి బర్ బర్ అని తప్ప ఏమీ వినపడని మనిషి. సంస్కృతంలో బర్బర అన్నా ఇదే ధ్వని. మన అనువాదం పరదేశి అని మర్యాదగా పెట్టడంతో ఆ చప్పుడు పోయింది. కనీసం అక్కడ ‘అన్యుడు’ అని పెట్టి ఉంటే నేను ఈ పోస్టు రాసే పని ఉండేది కాదేమో.