నీటిలో కలిసిన మందుల్ని ఎండ శుభ్రం చేస్తుందా, ఇంకోటిగా మారుస్తుందా?

పలక_బలపం:
సైన్స్ ఎగ్జిబిషన్ కోసం పిల్లలతో చార్ట్ రాయిస్తున్నాను. "మనం మింగిన మందులో కొంత మూత్రంతో పోయి నదుల్లో కలుస్తుంది. అక్కడ ఎండ దాన్ని విరగ్గొట్టి నీటిని శుభ్రం చేస్తుంది" అని రాశాం. రెండో వాక్యం తప్పని తోటి టీచర్ ఒకరు ఎర్ర పెన్నుతో కొట్టేశారు. నేను నొప్పి మందు డైక్లోఫెనాక్ గురించి చదివే రాశాను. ఎవరిది రైటు?

ఎండపొద్దు:
మీదే రైటు. స్విట్జర్లాండ్‌లోని గ్రైఫెన్‌సే సరస్సు మీద 1998లో వచ్చిన పరిశోధన చూడండి. సరస్సులోకి వచ్చిన డైక్లోఫెనాక్‌లో 90 శాతం పైగా అక్కడే లేకుండా పోయింది. ఆ సరస్సు నీళ్లలోనే మందు కలిపి ఎండలో పెడితే గంట తిరక్కుండా సగానికి పడిపోయింది. పైసా ఖర్చు లేదు, మోటారు లేదు. ఇంతకంటే ఏం కావాలి?

చీకటిగది:
ఎండపొద్దు గారూ, మీరు చెప్పిన లెక్క సరైనదే. అందులో "లేకుండా పోయింది" అనే మాట దగ్గరే నా పేచీ.

కొన్నాళ్లు ఒక ల్యాబ్‌లో ఇదే పని చేశాను. డైక్లోఫెనాక్ కలిపిన నీళ్లు రెండు క్వార్ట్జ్ గొట్టాల్లో పోసి మేడ మీద పెట్టేవాళ్లం. మామూలు గాజు వెలుగులోని పొట్టి అలల్ని ఆపేస్తుంది కాబట్టి క్వార్ట్జ్. ఒక గొట్టానికి అల్యూమినియం రేకు చుట్టేవాళ్లం, వేడి వల్ల ఏమైనా జరుగుతోందేమో పట్టుకోవడానికి. సాయంత్రం రేకు విప్పితే ఆ నీళ్లు ఉన్నవి ఉన్నట్టే ఉండేవి. రేకు లేని గొట్టంలో మాత్రం పొద్దున తెల్లగా పోసినవి పసుపు తిరిగేవి. నీళ్లలో ఏ పదార్థం ఎంతుందో చూపే మెషీన్‌లో ఎక్కిస్తే డైక్లోఫెనాక్ గీత దాదాపు పడిపోయి, పక్కన కొత్త గీతలు లేచేవి. ఆ పసుపు ఎక్కడి నుంచి వచ్చింది మరి? వెలుగు తగలగానే ఆ అణువు క్లోరిన్‌ను వదిలి, రెండు వలయాలూ దగ్గరకు ముడుచుకుని కార్బజోల్ అనే వేరే సరుకుగా మారుతుంది. పాత పేరుతో వెతికితే ఏమీ దొరకదు, అంతే.

ఎండపొద్దు:
మారితే మారనివ్వండి. ఆ కార్బజోల్ కూడా ఎండలోనే ఉంది కదా, అదీ విరుగుతుంది. ఒక్క మెట్టు దగ్గర ఆగి మెట్లే లేవంటే ఎలా?

చీకటిగది:
డైక్లోఫెనాక్ విషయంలో ఒప్పుకుంటాను. దాన్ని ఉదాహరణగా తీసుకోవడమే మీకు కలిసొచ్చింది. నేలకు చేరే ఎండలో సుమారు 290 నానోమీటర్ల కంటే పొట్టి అలలు ఉండవు. అంతకంటే పొడవైన అలల్ని మందు తనంతట తాను పీల్చుకోగలిగితేనే నేరుగా విరుగుతుంది. డైక్లోఫెనాక్, ఇంకో నొప్పి మందు కీటోప్రొఫెన్, యాంటీబయాటిక్ సిప్రోఫ్లాక్ససిన్ పీల్చుకుంటాయి. ఇబుప్రొఫెన్ దాదాపు పీల్చుకోదు. మూర్ఛకు ఇచ్చే కార్బమజెపైన్ వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి చెక్కు చెదరదు. మందులు కలిసిన నీళ్లు ఎంత దూరం వెళ్లాయో చూడాలంటే కార్బమజెపైన్‌నే వెతుకుతారు, అంత మొండిది.

ఎండపొద్దు:
నేరుగా విరగకపోతే ఏం, పక్కదారి ఉందిగా! ఆకులు కుళ్లి నీళ్లకు టీ రంగు తెచ్చే హ్యూమిక్ పదార్థాలు వెలుగు తాగి సింగ్లెట్ ఆక్సిజన్, హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే చాలా చురుకైన కణాలను పుట్టిస్తాయి. నైట్రేట్ కూడా రాడికల్స్‌ను ఇస్తుంది. ఇబుప్రొఫెన్‌ను కొరికేది అవే. ఎసిడిటీకి వాడే సిమెటిడిన్‌కు ఈ మార్గం బాగా పనిచేస్తుందని 2003లోనే చూపించారు.

చీకటిగది:
నిజమే. కానీ ఆ టీ రంగే కింది నీళ్లకు గొడుగు కూడా. రంగు ముదిరిన నీళ్లలో అతినీలలోహిత కిరణాలు జానెడు లోతు దాటడమే కష్టం. పైన పని జరుగుతుంటే అడుగున చీకటి. ఇక రాత్రి, మబ్బు, చలికాలం ఉండనే ఉన్నాయి.

నైట్‌షిఫ్ట్:
మురుగునీటి ప్లాంట్‌లో పని చేస్తాను. మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఎండ చూసుకుంటుందని అనేవాళ్లను చూస్తే నాకు టెన్షన్. మా దగ్గర యూవీ దీపాలున్నాయి, అవి క్రిములకే. ఆ మోతాదు చాలా మందులకు చీమ కుట్టినంత కూడా కాదు. మందులు విరగాలంటే మోతాదు ఎన్నో రెట్లు పెంచాలి, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా కలపాలి. కరెంట్ బిల్లు చూసి పైవాళ్లు వద్దంటారు. ఎండపొద్దు గారు చెప్పిన స్విట్జర్లాండే 2016 నుంచి చట్టం మార్చి, పెద్ద ప్లాంట్లలో ఓజోన్, బొగ్గుపొడి లాంటివి పెట్టిస్తోంది. దానికి మనిషికి ఏడాదికి 9 ఫ్రాంకుల దాకా వసూలు చేస్తోంది. వాళ్ల సరస్సు మీద వాళ్లకే అంత భరోసా ఉంటే డబ్బులెందుకు తీసుకుంటారు?

కొత్తగా_వచ్చా:
పిచ్చి ప్రశ్న అయితే క్షమించండి. నీళ్లు ప్లాస్టిక్ సీసాలో పోసి ఆరు గంటలు ఎండలో పెడితే తాగొచ్చంటారు. మందులు కూడా పోతాయా?

చీకటిగది:
పిచ్చి ప్రశ్నేం కాదండీ. ఆ పద్ధతి క్రిములను చంపడానికి. ఆ ప్లాస్టిక్ (పెట్) సీసా అతినీలలోహితంలోని పొట్టి అలల్ని, అంటే యూవీ-బీని, చాలావరకు ఆపేస్తుంది. క్రిముల పని పొడవైన అలలు (యూవీ-ఏ), వేడి కలిసి పడతాయి. మందుల విషయంలో దాన్ని నమ్ముకోవద్దు.

ఎండపొద్దు గారికి ఇంకో మాట. అన్నీ మెట్లు దిగుతూ పోవు. కార్బమజెపైన్ నెమ్మదిగా విరిగినప్పుడు వచ్చేవాటిలో ఎక్రిడిన్ ఒకటి, అది విషపూరితమైనది. నొప్పి మందు నాప్రోక్సెన్ నుంచి వచ్చే కొన్ని పదార్థాలు నీటి పురుగులకు అసలు మందు కంటే ఎక్కువ హాని చేశాయి. మందు కాకపోయినా సబ్బుల్లో వాడిన ట్రైక్లోసాన్ ఎండకు ఒక రకం డయాక్సిన్‌ను (విషాలకు పేరుపడ్డ రసాయనాల కుటుంబం) ఇస్తుంది.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది ట్రెన్‌బొలోన్. అమెరికాలో పశువులకు కండ పట్టడానికి ఇచ్చే స్టెరాయిడ్ ఇది. పగలు ఎండకు దాని రూపాంతరాలు నీటి అణువును తగిలించుకుని మాయమవుతాయి. చీకటి పడితే ఆ నీటిని వదిలేసి, కొంత భాగం మళ్లీ మొదటి రూపానికి వచ్చేస్తుంది. 2013లో బయటపెట్టారు దీన్ని. మధ్యాహ్నం శాంపిల్ తీసేవాడికి నది శుభ్రం, తెల్లవారుజామున తీసేవాడికి కాదు.

ఎండపొద్దు:
ట్రెన్‌బొలోన్ సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. కానీ ఇవన్నీ కలిపి "ఎండ పనికిరాదు" అని పిల్లలకు నేర్పితే అది ఇంకా పెద్ద తప్పు. ఎండ లేకపోతే ఆ సరస్సులో డైక్లోఫెనాక్ పోగుపడేది.

చీకటిగది:
పనికిరాదని నేనెక్కడన్నాను? "శుభ్రం చేస్తుంది" అన్న మాట ఒక్కటి తీసేయమంటున్నాను.

పలక_బలపం:
ఇలా మార్చాను: "అక్కడ ఎండ కొన్ని మందుల్ని గంటల్లో వేరే పదార్థాలుగా మారుస్తుంది. కొన్నిటిని దాదాపు కదిలించలేదు. మారినవన్నీ మంచివి కావు." టీచర్ గారు ఎర్ర పెన్ను మూత పెట్టేశారు. పిల్లలు మాత్రం పగలూ రాత్రీ రూపం మార్చే మందు బొమ్మ వేస్తామని పట్టుబట్టారు.

ఎండపొద్దు:
వేయనివ్వండి. సూర్యుడి మొహం మీద నవ్వు మాత్రం చెరపకండి.