మా సాలీడు వెల్లకిలా పడి ఉంది: కుబుసం విడుస్తోందా, చనిపోతోందా?

పర్లాకిమిడి అక్క, ఉదయం 6:50

అందరికీ నమస్కారం. తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే వెంటనే జవాబు ఇవ్వండి. నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు.

మా తమ్ముడు మూడేళ్ళ కిందట ఒక టరంటులా సాలీడుని తెచ్చుకున్నాడు. చిలీ రోజ్ రకమట. కాళ్ళు చాపితే అరచేయంత ఉంటుంది. ఎండ పడితే దాని వీపు చింతపండుతో తోమిన రాగి చెంబులా మెరుస్తుంది, అందుకని రాగి అని పేరు పెట్టాడు. వాడు ఓడ మీద ఉద్యోగానికి వెళ్ళి ఐదు నెలలైంది. వెళ్తూ "అక్కా, వారానికో కీచురాయి, గిన్నెలో నీళ్ళు, అంతే" అని నాకు అప్పగించాడు. ఇప్పుడు సముద్రం మధ్యలో ఉన్నాడు, ఫోన్ కలవదు.

నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. రాగి గాజుపెట్టె నా మెషిన్ పక్కన అల్మారా మీద ఉంటుంది. మొదట్లో అటు చూడాలంటేనే ఒళ్ళు జలదరించేది. ఇప్పుడు పొద్దున్నే లేవగానే ముందు దాన్ని చూసి తర్వాతే టీ పెడతాను. అది మట్టి మీద మెల్లగా ఒక్కో కాలూ ఎత్తి నడుస్తుంటే పెద్ద ముత్తయిదువ గుడిమెట్లు ఎక్కుతున్నట్టు ఉంటుంది.

ఇవాళ లేచి చూస్తే వెల్లకిలా పడి ఉంది. ఎనిమిది కాళ్ళూ చెరో పక్కకి చాపేసింది. టార్చి వేసి చూస్తే ఒక కాలి చివర సన్నగా వణికి ఆగిపోయింది. కొన ఊపిరితో ఉన్నట్టే అనిపించింది.

రెండు నెలలుగా అది ఏమీ తినలేదు. పొట్ట వెనకవైపు వెంట్రుకలు రాలిపోయిన చోట ఇదివరకు లేత రంగుగా ఉండేది, ఈ మధ్య వంకాయ తొక్కలా నల్లబడి నిగనిగలాడుతోంది. నిన్న సాయంత్రం మట్టి మీద తెల్లటి పొరలా ఏదో అల్లుకుంది. మొన్న ఇంకో కీచురాయి వేశాను, ఇప్పుడైనా తింటుందేమోనని. అది ఇంకా లోపలే తిరుగుతోంది.

అమ్మ చచ్చిపోయిందనే అంటోంది, కాగితంలో చుట్టి జామచెట్టు కింద పెట్టేద్దామంటోంది. పక్కింటి ఒడియా మావుసి కూడా వచ్చి చూసి "బుఢియాణి మరిగలా" (సాలీడు చచ్చిపోయింది) అని నిట్టూర్చింది. నాకు మాత్రం మనసు ఒప్పట్లేదు. పాపం, తిరగబడి లేవలేకపోతోందేమో, చీపురుపుల్లతో మెల్లగా బోర్లా తిప్పనా?

రాయగడ లెక్చరర్, ఉదయం 7:04

తిప్పకండి. దయచేసి పెట్టెలో చెయ్యి పెట్టకండి, పుల్ల కూడా పెట్టకండి.

అమ్మా, మీరు చెప్పిన ప్రతి గుర్తూ కుబుసానిదే. తిండి మానడం, పొట్ట మీది బోడి మచ్చ నల్లబడటం, ముందురోజు తెల్లటి పరుపు అల్లుకోవడం, వెల్లకిలా పడుకోవడం. ఆ నలుపు పాత చర్మానిది కాదు, దాని కింద తయారైన కొత్త వెంట్రుకల రంగు పైకి కనబడుతోంది. టరంటులాలు మామూలుగా వెల్లకిలా పడుకునే కుబుసం విడుస్తాయి.

చనిపోయే సాలీడు తీరు వేరు. అది బోర్లానే ఉంటుంది, కాళ్ళన్నీ పొట్ట కిందికి ముడుచుకుపోతాయి, పిడికిలి బిగించినట్టు. మీ ఇంట్లో గోడమూల చచ్చిన సాలీళ్ళని గుర్తు తెచ్చుకోండి, ఒక్కటైనా కాళ్ళు చాపుకుని కనిపించిందా? సాలీడుకి కాలు ముడవడానికి కండరాలు ఉన్నాయి గానీ, మోకాలి లాంటి ముఖ్యమైన కీళ్ళని చాపడానికి కండరం లేదు. లోపలి రక్తాన్ని ఒత్తిడితో కాళ్ళలోకి తోసి చాపుతుంది. ప్రాణం పోతున్నప్పుడు, ఒంట్లో నీరు బాగా తగ్గిపోయినప్పుడు ఆ ఒత్తిడి పడిపోతుంది, కాళ్ళు వాటంతట అవే ముడుచుకుంటాయి. మీ రాగి కాళ్ళు చాపి ఉంది కదా, ఒత్తిడి ఉన్నట్టే. మీరు చూసిన ఆ వణుకు అది లోపల పని చేసుకుంటున్న వణుకు.

ఒక్కటే భయం, ఆ కీచురాయి. ఇప్పుడు రాగి ఒళ్ళు మెత్తగా ఉంటుంది. కీచురాయి కొరికితే తప్పించుకోలేదు. పెట్టె కదపకుండా తీయగలిగితే తీసేయండి. నీళ్ళు చల్లకండి. మెషిన్ కాసేపు ఆపగలరా? అదురు దానికి బాగా తెలుస్తుంది.

పర్లాకిమిడి అక్క, ఉదయం 7:31

మెషిన్ ఆపేశాను. ఎల్లుండి పెళ్ళికి ఇవ్వాల్సిన బ్లౌజులు నాలుగున్నాయి, చేత్తో హుక్కులు కుట్టుకుంటూ కూర్చుంటాను.

కీచురాయి దొరికింది సార్. ఓవర్‌లాక్ మెషిన్‌కి దారం ఎక్కించే పొడుగాటి పట్టకారు ఉంటుంది కదా, దాంతో తీశాను. అది నీళ్ళగిన్నె వెనక నక్కి ఉంది, రాగికి జానెడు దూరంలో. ఊపిరి బిగపట్టి తీశాను. గాజుకి ఒక్కసారి కూడా తగలనివ్వలేదు.

ఇప్పుడు ఇంకో టెన్షన్. అల్మారా కింద ఎర్రచీమలు బారు కట్టాయి. అమ్మ చీమల చాక్‌పీస్ తెచ్చి గీత గీస్తానంటోంది. గీయమననా?

సిరోంచ దసలి, ఉదయం 7:40

అక్కా, చాక్‌పీస్ వద్దే వద్దు! అది చీమల్ని చంపే మందు, సాలీడుని కూడా చంపుతుంది. దోమల కాయిల్, ప్లగ్‌లో పెట్టే లిక్విడ్, బొద్దింకల స్ప్రే ఏదీ ఆ గదిలో వద్దు.

వెనకటికి పెరుగు గిన్నెకి చీమలు పట్టకుండా ఏం చేసేవాళ్ళు? పళ్ళెంలో నీళ్ళు పోసి మధ్యలో గిన్నె పెట్టేవాళ్ళు. అదే పద్ధతి. పెట్టెని మాత్రం ఎత్తకండి. అల్మారా కాళ్ళు నాలుగూ నాలుగు గిన్నెల్లో ఉండాలి. ఎత్తకుండా కుదరకపోతే కాళ్ళకి కింద నాలుగు వేళ్ళ వెడల్పున కొబ్బరినూనె పూసిన గుడ్డ చుట్టండి, గంటకోసారి చూస్తూ ఉండండి. అల్మారా గోడకి ఆనుకుని ఉందా? ఉంటే గోడ మీంచి కూడా వస్తాయి, అక్కడ తడిగుడ్డతో బారు తుడిచేస్తూ ఉండండి.

ఇంకో మాట చెప్తాను, మీ మనసు కుదుటపడటానికి. మాది సిరోంచ. ప్రాణహిత ఒడ్డు. మా తాత దసలి పట్టు పెంచేవాడు, మద్దిచెట్ల మీద పురుగులు. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే కాపలాకి నన్ను తోలేవాడు, కాకులూ గిజిగాళ్ళూ రాకుండా. దసలి పురుగు గూడు కట్టేలోపు నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది. ఆ సమయం రాగానే ఆకు తినడం ఆపేస్తుంది, తల కొంచెం పైకెత్తి కొమ్మకి అతుక్కుని రాయిలా ఉండిపోతుంది. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు అలా ఉన్న పురుగు చచ్చిపోయిందనుకుని కొమ్మ నుంచి పీకాను. వెనక కాళ్ళు చిరిగి కొమ్మకే ఉండిపోయాయి. తాత నన్ను కొట్టలేదు. ఆ పురుగుని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చెట్టు కింద కూర్చున్నాడు. ఇప్పుడు నా దగ్గర రెండు టరంటులాలు ఉన్నాయి, అవి వెల్లకిలా పడుకున్న ప్రతిసారీ నాకు ఆ కొమ్మే గుర్తొస్తుంది. గది తలుపు దగ్గరగా వేసి బయట కూర్చుంటాను.

మీరు కూడా పరేషాన్ కాకండి. చిన్న పిల్ల సాలీడైతే అరగంటలో అయిపోతుంది. రాగి అంత పెద్దదానికి చాలా గంటలు పట్టొచ్చు, ఒక్కోసారి రోజు దాకా.

బరంపురం నుంచి, ఉదయం 9:12

అక్కగారూ, మీ రాగి బాగుంటుంది. నాకు ఎదురైంది దీనికి సరిగ్గా తిరగేసిన కథ, ఇంకెవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

పోయిన వేసవిలో నా దగ్గరున్న సాలీడు తిండి మానేసింది. కుబుసం సమయం అనుకున్నాను. ఒకరోజు చూస్తే బోర్లానే ఉంది, కాళ్ళు కిందికి ముడుచుకుని, ఒళ్ళు చిన్నదైపోయినట్టు. కుబుసం విడిచేటప్పుడు ముట్టుకోకూడదని చదివాను కదా, అదే అనుకుని మూడు రోజులు కదలకుండా చూస్తూ కూర్చున్నాను. మూడో రోజుకి వాసన వచ్చింది.

తర్వాత తెలిసింది, గదిలో రాత్రీ పగలూ ఫ్యాన్ గాలి, నీళ్ళగిన్నె ఎప్పుడు ఎండిపోయిందో నేను చూసుకోలేదు. పొట్ట ముడతలు పడి ద్రాక్ష ఎండినట్టు అయింది. అప్పుడే గుర్తుపట్టి దాన్ని మెల్లగా తీసి, నోరు తగిలేలా నీళ్ళగిన్నె అంచున కూర్చోబెట్టి ఉంటే బతికేదేమో. నోరు కిందవైపు ఉంటుంది, కోరల మధ్యన. పొట్ట మీద పడ్డ నీళ్ళు దానికి ఉపయోగపడవు, పుస్తకం పేజీల్లా పొరలుగా ఉండే దాని ఊపిరితిత్తులు ఉండేది అక్కడే.

కాళ్ళు చాపి వెల్లకిలా ఉంటే చేతులు కట్టుకోవాలి. కాళ్ళు ముడుచుకుని బోర్లా ఉంటే వెంటనే నీళ్ళు చూడాలి. ఈ రెండిటికీ నేను తేడా తెలుసుకోలేదు. ఇప్పటికీ ఆ పెట్టెలో మట్టి అలాగే ఉంచాను.

రాయగడ లెక్చరర్, ఉదయం 9:30

బరంపురం తమ్ముడూ, ఆ రెండూ కాక మూడోది కూడా ఉంది. మగ సాలీడు పెద్దదయ్యాక చేసే ఆఖరి కుబుసం తర్వాత ఎక్కువకాలం బతకదు. నెలలు, మహా అయితే ఏడాదో రెండేళ్ళో. ఆడది అయితే ఇరవై ఏళ్ళదాకా బతకగలదు, పెద్దయ్యాక కూడా కుబుసాలు విడుస్తూనే ఉంటుంది. మగదానికి వయసు మీద పడి మెల్లగా తిండి మానేసి పోతే అందులో పెంచినవాళ్ళ తప్పు ఉండదు. నీ సాలీడు ముందరి చేతుల చివర ఉబ్బుగా, బాక్సింగ్ గ్లవ్స్ తొడిగినట్టు ఉండేవా? అలా ఉంటే పెద్ద మగది.

బరంపురం నుంచి, ఉదయం 9:41

ఉండేవి సార్. పాత ఫోటోలో కూడా అలాగే ఉన్నాయి.

పర్లాకిమిడి అక్క, మధ్యాహ్నం 1:15

విడిచింది! విడిచింది!

పదకొండు గంటలకి మొదలైంది. తల మీది పలక ముందు లేచింది, తాటిముంజ మీది పెచ్చు లేచినట్టు. తర్వాత పొట్ట పక్కల చర్మం చీలింది. ఇక కాళ్ళు. ఇది ఎలా చెప్పాలో తెలియట్లేదు. ఒళ్ళంతా ఒకసారి ఒత్తి వదులుతుంది, అప్పుడు ఎనిమిది కాళ్ళూ కలిసి కొంచెం పైకి వస్తాయి. మళ్ళీ ఆగుతుంది. మళ్ళీ ఒత్తుతుంది. బిగుతు చేతుల జాకెట్టు చెమటపట్టిన ఒంటి మీంచి ఊడదీస్తున్నట్టే. నేను రోజూ ట్రయల్ రూమ్ బయట నిలబడి వినేది అదే కదా, "అక్కా, చెయ్యి ఇరుక్కుపోయింది" అని. ఒక కాలు చివర మాత్రం రాలేదు. పావుగంట అలాగే ఉంది. అమ్మ నా భుజం పట్టుకుని నిలబడింది, ఇద్దరం మాట్లాడలేదు. ఆఖరికి జారి వచ్చేసింది.

ఇప్పుడు పక్కకి ఒరిగి పడుకుంది. కొత్త ఒళ్ళు ముదురు రంగులో వెల్వెట్ ముక్కలా ఉంది, పాత రాగి రంగు దీని ముందు ఎందుకూ పనికిరాదు. కోరలు మాత్రం తెల్లగా, పాలపళ్ళలా ఉన్నాయి. అది మంచిదేనా?

పాత చర్మం పక్కనే ఉంది, కళ్ళతో సహా ఇంకో సాలీడు పడి ఉన్నట్టే. మావుసి మళ్ళీ వచ్చి చూసి రెండు బుఢియాణులు ఎక్కడివని అడిగింది. అమ్మే ఆవిడకి అంతా వివరించింది, ఒడియాలో.

సిరోంచ దసలి, మధ్యాహ్నం 1:22

అక్కా, కళ్ళు చెమర్చాయి చదువుతుంటే. తెల్లకోరలు మంచివే. కొన్ని రోజుల్లో ఎర్రబడి, తర్వాత నల్లబడతాయి. పూర్తిగా నల్లబడేదాకా తిండి వేయకండి, ఇంత పెద్దదానికి రెండు వారాలు ఆగడం మేలు. మెత్తటి కోరలతో కొరికితే వంగిపోతాయి. నీళ్ళు మాత్రం నిండుగా ఉండాలి.

రాయగడ లెక్చరర్, మధ్యాహ్నం 1:40

పాత చర్మాన్ని పారేయకండి. రాగి లేచి తనంతట తను పక్కకి నడిచాక పట్టకారుతో తీసి, గిన్నెలో నీళ్ళు పోసి ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి నానబెట్టండి. మెత్తబడ్డాక పొట్ట భాగం లోపలివైపు పైకి వచ్చేలా పరవండి. ముందరి జత ఊపిరితిత్తుల తెల్లటి మచ్చలు రెండు కనిపిస్తాయి. వాటి మధ్యన చిన్న మడత లాంటి సంచి ఉంటే ఆడది. ఫోటో పెట్టండి.

పర్లాకిమిడి అక్క, రాత్రి 8:55

స్టీలు పళ్ళెంలో నల్ల లైనింగ్ గుడ్డ పరిచి దాని మీద పెట్టాను, బాగా కనబడాలని. బ్లౌజు లైనింగ్ అంటుకునేటప్పుడు ముడతలు తీసినట్టు పెన్సిల్ బ్రష్‌తో మెల్లగా సర్దాను. తెల్ల మచ్చల మధ్యన మడత ఉంది సార్, పైన కొద్దిగా రెండుగా చీలినట్టు. ఫోటో పెట్టాను, చూడండి.

రాయగడ లెక్చరర్, రాత్రి 9:10

ఆడదే. సందేహం లేదు.

పర్లాకిమిడి అక్క, రాత్రి 9:26

తమ్ముడికి ఫోటో, ఈ కబురూ రెండూ పంపాను. ఒక్క టిక్కే పడింది. మెషిన్‌ని పక్క గదిలోకి మార్చాను, తెల్లవారేలోపు మూడో బ్లౌజు పూర్తిచేయాలి. రాగి లేచి నీళ్ళగిన్నె దగ్గరికి వెళ్ళి అంచున ఒక కాలు వేసి కూర్చుంది.