హెచ్‌డీ రెడీ టీవీకి బాక్స్‌లో 720పీ పెట్టాలా, 1080ఐ పెట్టాలా?

ప్రశ్న:
టీవీ 32 అంగుళాలు, ప్యానెల్ 1366×768. హెచ్‌డీ సెట్ టాప్ బాక్స్‌ను హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపాను. మెనూలో 576ఐ, 720పీ, 1080ఐ, 1080పీ ఉన్నాయి. 768 గీతలే ఉన్న టీవీకి 1080 పంపడం దండగే కదా? పైగా న్యూస్ ఛానెళ్లలో కింద స్క్రోలింగ్ సగం తెగిపోతోంది.

జవాబు 1:
దండగేం కాదండీ. మన హెచ్‌డీ ఛానెళ్లు ఎక్కువగా 1080ఐ, 50 హెర్ట్జ్‌లోనే (సెకనుకు 50 సార్లు) వస్తాయి. 720పీ పెడితే బాక్స్ బొమ్మను 720కి కుదిస్తుంది, టీవీ దాన్ని మళ్లీ 768కి సాగదీస్తుంది. రెండుసార్లు మారేసరికి చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి. 1080ఐ పెడితే టీవీ ఒక్కసారే కుదించుకుంటుంది. 576ఐ జోలికి మాత్రం పోవద్దు, హెచ్‌డీ ప్యాక్‌కి కట్టిన డబ్బు గంగపాలే.

జవాబు 2:
పై మాట చాలావరకు నిజమే గానీ అన్ని టీవీలకూ కాదు. 1080ఐలో ఒకసారి బేసి గీతలు, మరోసారి సరి గీతలు వస్తాయి; 'పీ' అంటే అన్ని గీతలూ ఒకేసారి. ఆ బేసి, సరి గీతలను కలిపి పూర్తి బొమ్మ చేయాల్సింది టీవీ. చౌకరకం టీవీల్లో ఈ పని సరిగ్గా జరగక, కదిలే వస్తువుల అంచులు దువ్వెన పళ్లలా కనిపిస్తాయి. క్రికెట్‌లో కెమెరా బంతి వెంట బౌండరీ దాకా వెళ్లేటప్పుడు చూడండి, తెలిసిపోతుంది. అలా ఉంటే 1080పీ పెట్టి ఆ పని బాక్స్‌కే వదిలేయండి. టీవీ 1080పీ తీసుకోకపోతే 720పీ.

50, 60 హెర్ట్జ్ విడిగా అడిగితే 50 ఉంచండి. 60 పెడితే ప్రతి ఐదు ఫ్రేములకు ఒకటి అదనంగా చూపించాలి, అందుకే బొమ్మ కుదుపులతో కదులుతుంది.

జవాబు 3:
స్క్రోలింగ్ తెగడానికి రిజల్యూషన్ కారణం కాదు, ఓవర్‌స్కాన్. టీవీయే బొమ్మను కొంచెం పెద్దది చేసి అంచులు కోసేస్తోంది. టీవీ రిమోట్‌తో పిక్చర్ సైజ్‌లోకి వెళ్లండి. ఎల్‌జీలో 'జస్ట్ స్కాన్', సామ్‌సంగ్‌లో 'స్క్రీన్ ఫిట్', సోనీలో 'ఫుల్ పిక్సెల్'. వేరే కంపెనీ అయితే దాదాపు ఇలాంటి పేరే ఉంటుంది. అప్పటికీ తెగుతుంటే బాక్స్ మెనూలో జూమ్ ఆన్‌లో ఉందేమో చూడండి.

ప్రశ్న అడిగినవారు:
జస్ట్ స్కాన్‌తో స్క్రోలింగ్ పూర్తిగా కనిపిస్తోంది, థాంక్సండీ. 1080ఐలో హెచ్‌డీ బాగుంది. ఎస్‌డీ ఛానెళ్లు మాత్రం మసకగానే ఉన్నాయి?

జవాబు 2:
వాటిలో వచ్చేదే 576 గీతలు. లేని వివరాన్ని ఏ సెట్టింగూ తేలేదు. షార్ప్‌నెస్ పెంచితే అక్షరాల చుట్టూ తెల్లటి గీతలు వస్తాయి, తగ్గించే చూడండి.