హెమీఫేషియల్ స్పాజమ్‌కి (ముఖం ఒకవైపు అదిరే జబ్బు) బొటాక్స్ చేయించుకున్నాక రెప్ప వాలిపోయింది, నోరు పక్కకి పోయింది. మళ్లీ మామూలవుతుందా?

తెలుగు టీచర్, కాకినాడ

నాకు 46 ఏళ్లు. జడ్పీ హైస్కూల్లో తెలుగు చెబుతాను. కొంతకాలంగా ఎడమ కన్ను ఆగకుండా అదిరేది. ఆడవాళ్లకి ఎడమ కన్ను అదిరితే మంచిదేనమ్మా అని మా అత్తగారు సంతోషించారు. తర్వాత ఆ అదురు చెంపకి, నోటి చివరికి పాకింది. తొమ్మిదో తరగతి వెధవలు "మేడమ్ కన్ను కొడుతున్నారు రా" అనుకోవడం నా చెవిన పడింది. ఎమ్మారై తీస్తే, ముఖానికి వెళ్లే నరాన్ని మెదడు దగ్గర ఒక రక్తనాళం ఒత్తుతోందన్నారు. క్లోనజెపామ్ వేసుకుంటే పాఠం మధ్యలోనే తూగు వచ్చేది. అందుకని, కండరాన్ని సడలించే బొటాక్స్ ఇంజెక్షన్‌కి ఒప్పుకున్నాను.

అదురు నిజంగానే ఆగింది. కానీ వారం తిరిగేలోపు ఎడమ రెప్ప సగానికి వాలిపోయింది. విచిత్రమేమిటంటే, వాలిన ఆ కన్నే రాత్రి పూర్తిగా మూసుకోదు. పొద్దున్నకి ఇసుక పడ్డట్టు ఉంటుంది. నవ్వితే నోరు కుడివైపుకి లాగేస్తుంది. కాఫీ తాగితే ఎడమ మూల నుంచి కారుతుంది. ప, బ, మ పలికితే గాలి జారిపోతోంది. తెలుగు టీచర్‌కి ఓష్ఠ్యాలు పలక్కపోతే పద్యం ఏం చదువుతాను చెప్పండి?

స్టాఫ్‌రూమ్‌లో సగం మంది పక్షవాతం అనుకుంటున్నారు. ఒకాయన పసరు మందు ఇప్పిస్తానంటున్నారు. మిగతా సగం, అందం కోసం చేయించుకుని ఇలా తెచ్చుకుందని. ఇంజెక్షన్ ఇచ్చిన చోటికి ఫోన్ చేస్తే "అదే తగ్గిపోతుందిలేమ్మా" అని పెట్టేశారు. ఇలా కావచ్చని ముందు ఒక్క ముక్క చెప్పలేదు, సంతకం మాత్రం ఇంగ్లీషు కాగితం మీద పెట్టించుకున్నారు.

ఇది ఎన్నాళ్లుంటుంది? కంటికి ఏమైనా అవుతుందా? మూడు నెలలకి మళ్లీ రమ్మన్నారు, వెళ్లాలా వద్దా?

రిటైర్డ్ కండక్టర్, హన్మకొండ

టీచరమ్మా, నాది బ్లెఫరోస్పాజమ్. రెండు కళ్లూ వాటంతటవే గట్టిగా మూసుకుపోతాయి. ఏళ్ల తరబడి ఈ సూదుల మీదే నడుస్తున్న. మొదటిసారి నాకూ రెప్ప వాలింది. కొన్ని వారాల్లో లేచింది. నోరు ఇంకాస్త ఆలస్యం కావచ్చు గానీ అదీ వస్తుంది.

రాత్రి సంగతి ముందు చూసుకోండి. పడుకునే ముందు కంటి ఆయింట్‌మెంట్ వేసి, రెప్పని వేలితో కిందికి దించి, పేపర్ టేపు అడ్డంగా అంటించాలి. దూది మాత్రం పెట్టకండి, లోపల కన్ను తెరుచుకుంటే నల్లగుడ్డుకి రాసుకుంటుంది. పగలు ప్రిజర్వేటివ్ లేని టియర్ డ్రాప్స్. బయటికి పోతే చుట్టూ మూసుకునే అద్దాలు. స్కూటీ కొన్నాళ్లు బంద్. గ్లాసు కుడి మూల నుంచి పెట్టుకుని తాగండి, ఎడమ మూల వేలితో నొక్కిపట్టండి. నలుగురిలో సిగ్గుగానే ఉంటది, ఏం జేస్తం.

ఇంకో మాట. ఏ బ్రాండు, ఎక్కడెక్కడ ఎన్ని యూనిట్లు వేశారో రాయించుకోండి. బొటాక్స్ యూనిట్టు, డిస్‌పోర్ట్ యూనిట్టు ఒక్కటి కాదు. ఒకదాని లెక్క ఇంకోదానికి పనికిరాదు. ఆ చీటీ లేకుండా వేరే డాక్టరు దగ్గరికి పోతే, ఆయన మళ్లీ మొదటి నుంచి అంచనా వేసుకోవాలి. ఫోటోలు కూడా తీసి పెట్టుకోండి, కన్ను తెరిచి, మూసి, నవ్వుతూ.

విజయవాడ_వెల్‌నెస్

రోజూ ముఖానికి కొబ్బరినూనె మసాజ్, కరెంటు ఫిజియో, జింక్ మాత్రలు. బొటాక్స్ విషం బయటికి పోతుంది. మా క్లయింట్లకి బాగా పనిచేసింది.

కంటి డాక్టర్, గుంటూరు

పై సలహా పాటించవద్దు. బయటికి పంపడానికి అక్కడ తేలుతున్న విషం లేదు. మందు నరం కొసలోకి దూరి స్నాప్-25 అనే ప్రొటీన్‌ని కత్తిరిస్తుంది. దాంతో కండరాన్ని కదిలించే ఎసిటైల్‌కోలిన్ విడుదల ఆగిపోతుంది. నరం పక్కనుంచి కొత్త మొలకలు వేసుకుంటుంది, తర్వాత పాత కొస మళ్లీ పనిలోకి వస్తుంది. దీనికి సుమారు మూడు నెలలు పడుతుంది. మసాజ్ దాన్ని తొందరపెట్టదు. ఇప్పటికే నరంలోకి వెళ్లిన మందుకి విరుగుడు కూడా లేదు.

టీచర్ గారూ, వాలిన కన్నే మూసుకోకపోవడం విచిత్రమేమీ కాదు. రెప్పని ఎత్తే కండరం వేరు, మూసే కండరం వేరు. మీకు కావాలని వేసింది మూసే కండరానికి. అందులో కొంత ఎత్తే కండరానికీ పాకింది. చెంపలో వేసింది నోటి మూలని పైకి లాగే కండరాన్ని తాకింది. పాకిన చోట చేరింది కొద్ది మోతాదు కాబట్టి సాధారణంగా అదే ముందు తగ్గుతుంది.

ఆప్రాక్లోనిడిన్ చుక్కలు రెప్పని ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎత్తగలవు. కానీ మీ కన్ను మూసుకోవడం లేదు కాబట్టి, నల్లగుడ్డు ఎండిపోయిందో లేదో చూడకుండా వాటి జోలికి వెళ్లకండి. రెప్ప వాలడం ఇప్పుడు ఆ కంటికి కొంత కాపలా కూడా. కన్ను ఎర్రబడి నొప్పి వచ్చినా, చూపు మసకబారినా అదే రోజు కంటి ఆసుపత్రికి వెళ్లండి.

మింగడం కష్టమైనా, గొంతు మారినా, ఊపిరి ఆడకపోయినా, ఒంట్లో నీరసం పెరుగుతున్నా ఎమర్జెన్సీకి వెళ్లాలి. మందు దూరంగా పాకితే ఇలా కావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2009లోనే మందు కాగితం మీద గడి కట్టి గట్టి హెచ్చరిక వేయించింది. ఈలోగా ఏ జ్వరానికో ఊళ్లో జెంటామైసిన్, అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఇవ్వబోతే బొటాక్స్ సంగతి ముందే చెప్పండి. అవి ఈ బలహీనతని పెంచుతాయి.

స్టాఫ్‌రూమ్ వాళ్లకి కూడా ఒక మాట. ఈ మందుని మనుషుల్లో మొదట వాడింది అలాన్ స్కాట్ అనే కంటి డాక్టరు, మెల్లకన్నుకి. 1989లో అమెరికాలో వచ్చిన మొదటి అనుమతి కూడా మెల్లకన్నుకి, బ్లెఫరోస్పాజమ్ లాంటి జబ్బులకి. ముడతల సంగతి చాలా తర్వాత.

ఈ ఇబ్బందిని 1800-180-3024కి ఫోన్ చేసి నమోదు చేయించవచ్చు. మందుల దుష్ప్రభావాలకి కేంద్రం నడిపే ఉచిత నంబరు అది. రోగులు కూడా చెప్పవచ్చు.

డాలస్ తెలుగమ్మాయి

నాకు మైగ్రేన్ కోసం వేశారు, తల, మెడ అంతా కలిపి 31 చోట్ల, 155 యూనిట్లు. మెడ నిలవలేదు. సాయంత్రానికి తల బరువైపోయి, గోడకి ఆనించి కూర్చుని పిల్లాడికి హోంవర్క్ చేయించేదాన్ని. తగ్గింది, కానీ ఆ వారాల్లో రాత్రిళ్లు ఫోన్‌లో బొటాక్స్‌తో జీవితమే పోయిందనే పోస్టులు చదువుతూ ఇంకా హడలిపోయాను. వాళ్లవి అబద్ధాలని అనను. మీరు మాత్రం రాత్రి పదకొండు తర్వాత చదవకండి అక్కా.

తెలుగు టీచర్, కాకినాడ

అందరికీ దణ్ణం. కంటి ఆసుపత్రిలో పసుప్పచ్చ రంగు వేసి చూశారు. నల్లగుడ్డు కింది భాగంలో ఎండిన చుక్కలున్నాయట, పుండు లేదు. జెల్ ఇచ్చారు. రెప్ప కొంచెం లేచినట్టే ఉంది. నోరు ఇంకా అలాగే ఉంది. హెడ్‌మాస్టారు ప్రార్థనలో మైకు తప్పించి రికార్డులు అప్పగించారు. సాయం చేశాననే అనుకుంటున్నారు పాపం, నాకు మాత్రం కోపం వస్తోంది.

డాక్టర్ గారూ, ఆపరేషన్ చేయించేసుకుంటే ఈ సూదుల గొడవే ఉండదు కదా?

కంటి డాక్టర్, గుంటూరు

మైక్రోవాస్కులర్ డీకంప్రెషన్ అంటారు. నరానికీ రక్తనాళానికీ మధ్య చిన్న మెత్త పెడతారు. అసలు కారణాన్ని తీసేసేది అదొక్కటే, చాలామందికి నయమవుతుంది. కానీ చెవి వెనక పుర్రె తెరిచి చేసే ఆపరేషన్. ఆ చెవి వినికిడి పోయే ప్రమాదం కొంత ఉంది. న్యూరోసర్జన్‌తో మాట్లాడండి, కానీ ఈ కోపంలో నిర్ణయించుకోకండి. రెండోసారి బొటాక్స్‌కే వెళితే, కంటి దగ్గర మోతాదు తగ్గించి, రెప్ప మధ్యభాగాన్ని వదిలి, చెంపలో అసలు వేయకుండా చూడమని అడగవచ్చు. నోటి అదురు కొంత మిగులుతుంది.

తెలుగు టీచర్, కాకినాడ

కొంత అదురు మిగిలినా ఫరవాలేదండి, ప, బ, మ నాకు కావాలి. చెంపలో వద్దని రాసిచ్చి మరీ చెబుతాను, అదీ వేరే డాక్టరు దగ్గర. కండక్టర్ గారూ, టేపు తీస్తుంటే రెప్పవెంట్రుకలు ఊడొస్తున్నాయి, ఏం చేయను?

రిటైర్డ్ కండక్టర్, హన్మకొండ

ప్లాస్టిక్‌ది ఇచ్చి ఉంటారు. మెడికల్ షాపులో మైక్రోపోర్, పేపర్‌ది అని అడగండి. అంటించే ముందు చేతి మీద రెండుసార్లు అంటించి తీస్తే జిగురు తగ్గుతది. వెంట్రుకల మీద కాకుండా కొంచెం పైన అంటించండి. పొద్దున తడిబట్టతో నానబెట్టి తీయండి.