ఫైర్‌ఫాక్స్ మాట మార్చాక కూడా దాన్నే వాడాలా?

గూటిపిట్ట:
2008 నుంచి నేను ఫైర్‌ఫాక్స్ తప్ప వేరే బ్రౌజర్ వాడలేదు. ఇంట్లోవాళ్ళకీ, ఆఫీసులో పక్క సీటు వాళ్ళకీ దగ్గర కూర్చుని నేనే ఎక్కించాను. ఎందుకిది అని అడిగితే, వీళ్ళు మన డేటా అమ్మరు అని చెప్పేవాణ్ణి. ఆ మాట నేను కల్పించింది కాదు, వాళ్ళ సైట్లోనే ఉండేది: డేటా అమ్ముతారా అన్న ప్రశ్న కింద, లేదు, ఎప్పుడూ అమ్మలేదు, ఎప్పటికీ అమ్మం అని. 2025 ఫిబ్రవరిలో దాన్ని తయారుచేసే మొజిల్లా మొదటిసారి ఫైర్‌ఫాక్స్‌కి వాడకం షరతులు పెట్టింది, అప్పుడే ఆ జవాబూ తీసేసింది. అదే ఏడాది డిసెంబరులో కొత్త సీఈఓ వచ్చి దీన్ని ఏఐ బ్రౌజర్‌గా మారుస్తాం అన్నాడు. నేను ఎవరెవరికి చెప్పానో వాళ్ళందరికీ ఇప్పుడేం చెప్పాలి? ఇంకా నమ్మొచ్చంటారా?

తాళంచెవి:
నమ్మొచ్చండీ. ఆ షరతుల్లో లైసెన్స్ గురించిన వాక్యం మొదట ఘోరంగా రాశారు, అది ఒప్పుకుంటాను. బ్రౌజర్లో మనం టైప్ చేసినదంతా వాడుకోడానికి వాళ్ళకి లైసెన్స్ ఇస్తున్నట్టు ఉండేసరికి అందరూ హడలిపోయారు. కానీ రెండు రోజుల్లోనే మార్చి, మీ కంటెంట్ మీద మాకు యాజమాన్యం ఏమీ రాదు అని స్పష్టంగా చేర్చారు. ఇక అమ్మకం సంగతికొస్తే, కాలిఫోర్నియా ప్రైవసీ చట్టంలో ఆ పదానికి అర్థం చాలా విశాలం. డబ్బు చేతులు మారకపోయినా, ఏదో ఒక ప్రయోజనం కోసం డేటా వేరేవాళ్ళకి ఇస్తే అదీ అమ్మకం కిందకే వస్తుంది. కొత్త ట్యాబ్‌లో డబ్బు తీసుకుని చూపించే స్పాన్సర్డ్ లింకుల కోసం మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేసి కొంత సమాచారం భాగస్వాములకి ఇస్తారు కాబట్టి, అస్సలు అమ్మం అని రాయడానికి లాయర్లు ఒప్పుకుని ఉండరు. ఇందులో ద్రోహం ఎక్కడుంది?

గూటిపిట్ట:
అండీ, ఆ చట్టం అమల్లోకి వచ్చింది 2020 జనవరిలో. ఆ తర్వాత కూడా ఐదేళ్ళు ఎప్పటికీ అమ్మం అన్న మాట సైట్లో అలాగే ఉంది. మీరు చెప్పిన అర్థమే సరైనదైతే ఆ ఐదేళ్ళూ మాకు చెప్పింది సగం నిజం. కాదూ అంటే 2025లో లోపల ఏదో మారి ఉండాలి. రెండింట్లో ఏదో వాళ్ళే చెప్పి ఉంటే నేను ఇక్కడికి వచ్చేవాణ్ణే కాదు. చట్టం మీదకి నెట్టేస్తే సరిపోతుందా?

మూడోకన్ను:
నా బాధ ఒక్క వాక్యంతో తీరేది కాదు. వీళ్ళ అలవాటు చూడండి. 2017లో ఒక టీవీ సీరియల్ ప్రచారం కోసం లుకింగ్ గ్లాస్ అనే యాడ్ఆన్‌ని చెప్పా పెట్టకుండా జనం బ్రౌజర్లలోకి దించారు. అది ఆన్‌లో లేదు, నిజమే, కానీ నేను వేయనిది నా జాబితాలో కనిపిస్తే వైరస్ అనుకోనా? అదే ఏడాది జర్మనీలో కొత్తగా డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్ళలో ఒక శాతం లోపు మందికి క్లిక్జ్ అనే కంపెనీ సాఫ్ట్‌వేర్ కలిపి ఇచ్చారు, వాళ్ళు ఏ పేజీలు చూస్తున్నారో అది పంపేది. 2024 జూన్‌లో అనానిమ్ అనే ప్రకటనల కంపెనీని కొన్నారు. జూలైలో వచ్చిన 128వ వెర్షన్‌లో, ఏ ప్రకటన పనిచేసిందో ప్రకటనదారులకి లెక్క చెప్పే వ్యవస్థని ఆన్ చేసి ఇచ్చారు. ఆ సెప్టెంబరులో నోయ్‌బ్ అనే ప్రైవసీ హక్కుల సంస్థ ఆస్ట్రియాలో ఫిర్యాదు కూడా చేసింది. ఆ వ్యవస్థ కుకీలకంటే నయం కావచ్చు, లెక్కలు కలిపేసి ఇస్తుంది కాబట్టి మనిషిని విడిగా గుర్తుపట్టలేరు కావచ్చు, అదంతా నేను కాదనను. కానీ నన్నెందుకు అడగలేదు? ప్రతిసారీ ముందు ఆన్ చేసేస్తారు, గొడవయ్యాక వివరణ ఇస్తారు. నమ్మకం పోయింది ఇక్కడ, లాయర్ల భాష దగ్గర కాదు.

వానచినుకు:
డబ్బు సంగతి ఎవరూ ఎత్తడం లేదేంటి? 2025 మేలో గూగుల్ మీద కేసులో మొజిల్లా ఆర్థికాధికారి కోర్టులో చెప్పిన లెక్క ఇది: సంస్థ ఆదాయంలో దాదాపు 90 శాతం ఫైర్‌ఫాక్స్ నుంచి, అందులో సుమారు 85 శాతం, తమ సెర్చ్‌ని ముందే పెట్టి ఇస్తున్నందుకు గూగుల్ ఇచ్చేదే. గూగుల్ చెయ్యి తీసేస్తే బండి ఆగిపోతుంది. అందుకే ప్రకటనలూ, ఏఐ అంటూ ఇంకో దారి వెతుక్కుంటున్నారు. వెతుక్కోవద్దంటే ఎలా బతకాలి? ఇంకొకటి, ఇక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్తారు? బ్రేవ్ అంటారా, అది నడిచేది గూగుల్ క్రోమ్‌కి మూలమైన క్రోమియం కోడ్ మీదే, పైగా 2020లో క్రిప్టో సైట్ల అడ్రస్ టైప్ చేస్తుంటే తమ కమిషన్ కోడ్ తగిలించి దొరికిపోయారు. లిబ్రెవుల్ఫ్, టార్ బ్రౌజర్ రెండూ ఫైర్‌ఫాక్స్ కోడ్ మీదే కట్టినవి. మనమంతా కోపంతో వెళ్ళిపోయి ఫైర్‌ఫాక్స్‌ని నడిపే గెకో ఇంజిన్ మూతపడితే మిగిలేవి గూగుల్‌దీ ఆపిల్‌దీ. ప్రకటనల్ని అడ్డుకునే యూబ్లాక్ ఆరిజిన్‌ని క్రోమ్ ఆపేసింది, ఇక్కడ అది ఇంకా పూర్తిగా పనిచేస్తోంది. నాకు అదొక్కటి చాలు ఉండిపోవడానికి.

మూడోకన్ను:
వానచినుకు గారూ, డబ్బు కావాలంటే అడగమనండి, నేను నెలనెలా కడతాను. మొజిల్లా ఫౌండేషన్‌కి ఇచ్చే విరాళంతో ఫైర్‌ఫాక్స్ పని నడవదు, దాన్ని తయారుచేసేది వేరే కార్పొరేషన్. బ్రౌజర్ కోసమే ఇద్దామంటే దారే పెట్టలేదు.

తాళంచెవి:
ఇది మాత్రం నిజం, నాకూ అదే కోపం. ఏఐ విషయంలో మాత్రం గొడవ చేయడం వల్లే అన్నీ ఒకేసారి ఆపే స్విచ్ ఇస్తామని మాట ఇచ్చారు. అంటే ఉండి అడిగితే వింటున్నారు. క్రోమ్‌ని ఇలా అడగగలమా?

గూటిపిట్ట:
రెండు రోజులు ఆలోచించాను. నా కంప్యూటర్లో లిబ్రెవుల్ఫ్ వేసుకున్నాను. దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు ఫైర్‌ఫాక్స్ తర్వాతే వస్తాయి కాబట్టి దాని మీద కన్నేసి ఉంచాలి, అది నేను చేసుకోగలను. ఇంట్లోవాళ్ళ చేత చేయించలేను, అందుకని వాళ్ళకి ఫైర్‌ఫాక్సే ఉంచి, వాడకం డేటా పంపడం, స్పాన్సర్డ్ లింకులు లాంటివన్నీ ఒక్కొక్కటిగా ఆపాను. మా అక్క పక్కనే కూర్చుని, నువ్వే మంచిది అన్నావుగా, మళ్ళీ ఇవన్నీ ఎందుకు ఆపుతున్నావు అని అడిగింది. వాళ్ళు మాట మార్చారక్కా అన్నాను. ఇకమీదట ప్రతి అప్‌డేట్ తర్వాత వచ్చి చూసి వెళ్ళమంది.