వాటా తగ్గిందని వచ్చే డబ్బునే వదులుకోవడం ఎందుకు?

ప్రశ్న (పెదవాల్తేరు నుంచి):
మా బావగారు విశాఖ ఫిషింగ్ హార్బరులో కళాసీగా పనిచేస్తారు. ఈమధ్య వేట ముగిశాక, డీజిలు, ఐసు ఖర్చులు పోగా మిగిలిన సొమ్ములో తన వాటా తోటివారికంటే తగ్గించారని తెలిసి, ఆ డబ్బు ముట్టకుండానే ఇంటికి వచ్చేశారు. అవసరం ఎంతో ఉండి కూడా ఇలా చేయడం కోపం వల్లనేనా, లేక దీనికి లోతైన కారణం ఉందా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1:
ఇలాంటి స్థితినే జర్మనీలో వెర్నర్ గ్యూత్ బృందం 1982లో ప్రయోగంగా పరీక్షించింది. ఒకరు సొమ్మును పంచుతారు. రెండోవారు ఒప్పుకుంటే అలాగే పంపకం జరుగుతుంది, కాదంటే ఇద్దరికీ ఏమీ రాదు. ఎంత వచ్చినా లాభమే అయినప్పటికీ, ఐదో వంతుకంటే తక్కువ ఇవ్వజూపితే చాలామంది తిరస్కరిస్తారు. 2003లో అలన్ శాన్‌ఫీ బృందం ఈ ఆట ఆడేవారి మెదడును స్కానింగులో పరిశీలించగా, అన్యాయమైన పంపకం ఎదురైనప్పుడు ఇన్సులా ముందుభాగం చురుకైంది. నొప్పికీ అసహ్యానికీ స్పందించే భాగం అది. అదే పంపకాన్ని కంప్యూటరు చేసినప్పుడు స్పందన తగ్గింది. అంటే సాటి మనిషి తగ్గించాడన్నదే ఎక్కువగా బాధిస్తుంది.

జవాబు 2:
ఇన్సులా ఇంకా ఎన్నో సందర్భాల్లో స్పందిస్తుంది కనుక, అది చురుకైనంత మాత్రాన అసహ్యమే కలిగిందని తేల్చలేం. నాకు ఇంతకంటే ముఖ్యంగా తోచేది 2006లో డారియా క్నోక్ బృందం చేసిన ప్రయోగం. నుదుటి వెనుక, కుడివైపున ఉండే మెదడు భాగం పనిని అయస్కాంత ప్రేరణతో కాసేపు మందగింపజేస్తే, పంపకం అన్యాయమని చెబుతూనే చాలామంది డబ్బు తీసుకున్నారు. అన్యాయాన్ని గుర్తించడం, లాభం వదులుకుని దాన్ని ఎదిరించడం మెదడులో వేరువేరు పనులన్నమాట. కాబట్టి తక్కువ వాటాకు సర్దుకుపోయే కళాసీలకు అన్యాయం తెలియదని అనుకోకండి.

జవాబు 3:
బతుకుతెరువు ప్రభావమూ ఇందులో ఉంది. జోసెఫ్ హెన్రిక్ బృందం 15 చిన్న సమాజాల్లో ఇలాంటి ఆటలు ఆడించి, 2001లో ఫలితాలు ప్రకటించింది. పెరూలోని మాచిగెంగా ప్రజలు సగటున నాలుగో వంతుకు కాస్త ఎక్కువ ఇవ్వజూపగా, ఇండోనేసియాలో పడవలపై తిమింగలాలను వేటాడే లమలెరావారు సగానికి పైగా ఇచ్చారు. పదిమంది కలిస్తే తప్ప వేట సాగనిచోట పంపకం పట్టింపు ఎక్కువగా ఉండటం సహజమే, మన హార్బరులోనూ అంతే. అయితే ఫలితం ఎంత ముఖ్యమో, దాన్ని నిర్ణయించిన తీరూ మనుషులకు అంతే ముఖ్యం. వాటా ఎందుకు తగ్గిందో మీ బావగారికి సరంగు గానీ బోటు యజమాని గానీ లెక్క చూపించారా?