జిమ్మీ జార్జ్ నిజంగా అంత గొప్పా, లేక చిన్న వయసులో పోవడం వల్ల పెరిగిన పేరా?

ప్రశ్న (కొత్తపేట కుర్రాడు):
పీవీ సింధు వాళ్ల నాన్న రమణ గారు 1986 సియోల్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం గెలిచిన వాలీబాల్ జట్టులో ఉన్నారని తెలిసి, ఆ జట్టు గురించి వెతకడం మొదలుపెట్టాను. ఎక్కడ చూసినా జిమ్మీ జార్జ్ పేరే. వీడియోలు సరిగ్గా దొరకలేదు. చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఆయన ఆటలో అంత ప్రత్యేకత ఏముంది?

పాత లిఫ్టర్ (రైల్వే, రిటైర్డ్):
బాబూ, నేను ఆయన్ని ఒక్కసారే చూశాను, అదీ ప్రాక్టీసులో. నేను డివిజన్ జట్టులో లిఫ్టర్‌ని (స్మాషర్ ఎగిరి కొట్టడానికి బంతి లేపి ఇచ్చేవాణ్ని) కాబట్టి లిఫ్టర్ కళ్లతోనే చెబుతా. మామూలు స్మాషర్‌కి బంతి అరచెయ్యి అటూఇటూ పడినా మనవైపు ఉరిమి చూస్తాడు. ఈయన ముందు గాల్లోకి లేచి, బంతి ఎక్కడుందో అప్పుడు చూసుకునేవాడు. బ్లాక్‌కి, అంటే నెట్ దగ్గర బంతిని అడ్డుకోవడానికి, ఎగిరినవాళ్లు కిందికి దిగుతుంటే ఈయన ఇంకా పైనే ఉండేవాడు, అప్పుడు కొట్టేవాడు. అలాంటివాడుంటే లిఫ్టర్‌కి సగం టెన్షన్ ఉండదు.

ఊరు కేరళలో కణ్ణూర్ జిల్లా పేరావూర్. ఎనిమిది మంది అన్నదమ్ములు, అందరూ వాలీబాల్ ఆడినవాళ్లే. (లాంగ్‌జంప్ అంజు భర్త బాబీ జార్జ్ ఈయన తమ్ముడే.) 1976లో మెడిసిన్ చదువు వదిలేసి కేరళ పోలీసులో చేరాడు. మన ఇళ్లలో ఎవరైనా ఆ పని చేస్తే ఏమవుతుందో ఊహించుకో! అదే ఏడు, 21 ఏళ్లకే అర్జున అవార్డు వచ్చింది.

నా దృష్టిలో అసలు గొప్పతనం ఆ తర్వాతే ఉంది. అప్పట్లో మనవాళ్లకు ఆటంటే రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం, టోర్నమెంటుకు స్పెషల్ లీవు, అంతే. ఈయన 1979లో అబుదాబి క్లబ్బుకి వెళ్లాడు, 1982లో ఇటలీ. మన దేశం నుంచి ప్రొఫెషనల్‌గా ఆడిన మొదటి వాలీబాల్ ఆటగాడు ఆయనే. అక్కడి జట్లు బయటి దేశాల నుంచి ఒకరిద్దరినే తీసుకునేవి. ఆ చోటు ఒక భారతీయుడికి ఇచ్చారంటే జాలిపడి ఇవ్వరు కదా.

సెంటర్ కోర్ట్ శీను:
అన్నీ ఒప్పుకుంటాను గురువుగారూ, కానీ సియోల్ మెడల్ మొత్తం ఆయన ఖాతాలో వేయకండి. అక్కడ మనవాళ్లు ఓడించింది జపాన్‌ను, అది ఒక్కడి వల్ల అయ్యేది కాదు. సిరిల్ వల్లూర్ ఉన్నాడు, ఉదయకుమార్ ఉన్నాడు, మన రమణ గారు ఉన్నారు. రమణ గారికి అర్జున ఎప్పుడొచ్చిందో తెలుసా? 2000లో. పద్నాలుగేళ్ల తర్వాత! ఇప్పుడేమో ఆయన్ని 'సింధు నాన్న' అంటేనే జనం గుర్తుపడతారు.

పాత లిఫ్టర్:
శీనూ, ఆ బాధ నాకూ ఉంది. కానీ ఇటలీలో డబ్బు తీసుకుని ఆడుతున్నవాడు ఆ మధ్యలో వచ్చి దేశానికి ఆడాడు, అది కూడా లెక్కలోకి తీసుకో. ఆ కాంస్యం తర్వాత ఏషియన్ గేమ్స్‌లో మగవాళ్ల జట్టుకి మెడల్ లేదు. 2023లో హాంగ్‌ఝౌలో కొరియాను ఓడించి ఆశపెట్టారు, చివరికి ఆరో స్థానం.

బ్రెషా నుంచి రవి:
నేను ఇటలీలో బ్రెషా దగ్గర ఉంటున్నాను. పక్కనే మోంటికియారి అనే ఊళ్లో ఇండోర్ స్టేడియం పేరు పాలాజార్జ్. ఎవరో ఇటాలియన్ అనుకున్నా. తర్వాత తెలిసింది, జిమ్మీ జార్జ్ పేరే అని. 1987 నవంబర్ 30న ఇటలీలోనే కారు ప్రమాదంలో పోయారు, 32 ఏళ్లకే. మనవాళ్లు తిరువనంతపురంలో స్టేడియానికి పేరు పెట్టారంటే అర్థముంది, ఇటలీవాళ్లకు ఏం అవసరం? కుర్రాడి ప్రశ్నకి నా జవాబు ఇదే.

కొత్తపేట కుర్రాడు:
థాంక్స్ అందరికీ. చివరిగా ఒకటి: ఇప్పటి ప్రైమ్ వాలీబాల్ లీగ్ స్మాషర్లతో పోలిస్తే?

పాత లిఫ్టర్:
అలా పోల్చలేం బాబూ. అప్పుడు సర్వీసు చేసిన జట్టుకే పాయింటు. ర్యాలీ గెలిచినా ఎదుటివాళ్ల సర్వీసయితే సర్వీసు చేతికొస్తుందే తప్ప స్కోరు కదలదు. పదిహేను పాయింట్ల సెట్టే అయినా ఒక్కోసారి తెమిలేది కాదు. లిబరో (వెనక వరసలో పొడుగువాళ్ల బదులు దిగి బంతి లేపేవాడు) కూడా లేడు. ఎంత పొడుగువాడైనా వెనక వరసకు వచ్చి సర్వీసు లేపాల్సిందే. ఇప్పటి సెంటర్ ప్లేయర్లను (నెట్ మధ్యలో ఆడే పొడుగువాళ్లను) ఒక్క సెట్టు అలా ఆడమను, ఆ తర్వాత మాట్లాడుకుందాం.